చాప మీద నుంచి మట్టి మీదికి

ఎదురుచూడటమే నా ఉద్యోగం. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో టాక్సీ నడుపుతాను. బండిని లైన్‌లో పెట్టి, నా నంబరు వచ్చేదాకా సీటు వెనక్కి వాల్చుకుని, దోమలతోనూ తోటి డ్రైవర్ల ముచ్చట్లతోనూ గంటలకు గంటలు గడపడం నాకు కొట్టిన పిండి. అలాంటి నాకు కూడా ఆసుపత్రి వరండాలో ఎదురుచూడటం చేతకాలేదు.

మొన్న మా లైన్‌లో బండి నడిపే ఒక తమ్ముడు నా బండి దగ్గరికి వచ్చాడు. వాళ్ల బాబుకు జ్వరం వచ్చి తగ్గాక కాలు సరిగ్గా పడటం లేదట. "అన్నా, మీ బిడ్డకు అప్పుడేం చేయించిన్రు, జర చెప్పన్నా" అన్నాడు. చెప్పబోయాను. రెండు మాటలకే ఏడుపు తన్నుకొచ్చింది. పదిమందిలో ఏడిస్తే మా లైన్‌లో వారం రోజులు అదే ముచ్చట నడుస్తుంది కాబట్టి, రాసిస్తాలే అని తప్పించుకున్నాను. రాయడానికి కూర్చున్నాక తెలిసింది, నాకూ ఇది రాసుకోవలసిన అవసరం ఉందని. డాక్టర్లు చెప్పినవాటిలో సగం నాకు అర్థం కాలేదు, అవి రాయను. మాకు ఏమైంది, మేం ఏం చేశాం, అంతే రాస్తాను.

2010, వానలు

మాది మంఖాల్. ఇంట్లో అమ్మ, నేను, నా భార్య సునీత, కూతురు కీర్తన. ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడాది పుట్టిన పిల్ల కాబట్టి విమానం నెత్తి మీద నుంచి పోయినా కన్ను తెరిచేది కాదు. రెండేళ్లు నిండేసరికి కోడిపిల్లల వెంట పడి వాకిలంతా ఉరుకులు పెట్టేది. దాని వెనక తిరగలేక అమ్మ, "దీన్ని పట్టుడు నాతోని కాదురా" అని గుమ్మంలో కూలబడేది.

వానలు ముసురు పట్టిన రోజుల్లో జ్వరం వచ్చింది. ఊళ్లో ఇంటికొక పిల్లకు జ్వరం ఉంది, మేమూ అదే అనుకున్నాం. మర్నాడు సాయంత్రానికి కళ్లు పైకి తేలేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. నా టాక్సీలోనే పట్నం తీసుకుపోయాను. అత్తాపూర్ మీదుగా పోయే ఆ ఎక్స్‌ప్రెస్‌వే మీద రోజూ ఎవరెవరినో ఎక్కించుకుని తిరుగుతాను. ఆ రోజు వెనక సీట్లో సునీత ఒళ్లో నా బిడ్డ ఉంది. పక్కన అమ్మ దారి పొడుగునా గట్టిగా మొక్కుకుంటూనే ఉంది. "తల్లీ పోచమ్మా, నా మనుమరాలిని నాకియ్యి. నా చంకల వెట్టుకొని తెస్త. నీ గుడి ముంగటనే దించుత. నీ ముంగటనే అడుగులు ఏపిస్త."

మెదడువాపు అన్నారు. పిల్లల పెద్ద దవాఖానలో లోపలికి ఒక్కరినే రానిస్తారు, సునీత ఉంది. నేను వరండాలో ఉండి గేటు దగ్గరి మనిషితో రోజుకొకసారి తగాదా పెట్టుకునేవాణ్ని. నాకు కోపం ముందు పుడుతుంది, కారణం తర్వాత వెతుక్కుంటాను. ఒకరోజు నా కేకలు విని, పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న ఒకామె తన మూట విప్పి జొన్నరొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది. "అన్నా, నువ్వు మొత్తుకుంటే లోపల పిల్లలు లేస్తరు. ఇగో, తిను" అంది. ఆమె బిడ్డ కూడా లోపలే ఉంది. ఆ రొట్టె నమిలేంతసేపూ నేను నోరు మూసుకున్నాను. మళ్లీ ఆమెను చూడలేదు. ఆమె బిడ్డ ఇంటికి వెళ్లే ఉంటుందని అనుకుంటూ ఉంటాను.

కీర్తన బతికింది. కానీ మాతో ఇంటికి వచ్చింది ఉరుకులు పెట్టే కీర్తన కాదు. కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుపోయింది, బొటనవేలు లోపలికి ముడుచుకుని. కుడి కాలు మాట వినడం లేదు. ప్రాణానికి భయం లేదు, కదలిక మెల్లమెల్లగా రావచ్చు, వ్యాయామం చేయించండి అన్నారు.

మేం ఇంటికి కాదు, నేరుగా పోచమ్మ గుడికే పోయాం. అమ్మ మొక్కుకున్నట్టే చంకన ఎత్తుకుని తెచ్చి, గుడి ముందు దించింది. పిల్ల తడిగుడ్డలా కిందికి జారిపోయింది. ముఖం బురదలో పడింది. చూడటానికి వచ్చినవాళ్లు "అయ్యో పాపం" అన్నారు. అమ్మ గబుక్కున ఎత్తుకుని కొంగుతో దాని ముఖం తుడిచింది. ఇంటికి వచ్చాం. గుమ్మంలో ఆగి చెప్పింది. "తల్లి ముంగట నిలవడేదాక దీని కాలు ఏ నేల మీద పడొద్దు. ఎవ్వరు దించినా నేనూకోను."

2011

అమ్మ అన్నంత పనీ చేసింది. ఆ ఏడాదంతా కీర్తన అమ్మ చంకలోనే ఉంది. స్నానం అమ్మే, అన్నం అమ్మే, నూనె రాసి కాళ్లు పట్టేదీ అమ్మే. పక్కింటికి పోయినా, చేను కాడికి పోయినా, పిల్ల చంకన ఉండాల్సిందే. అమ్మ నడుము ఒక పక్కకు ఒరిగిపోయింది. అయినా దించదు. తన ఒంటిని అరగదీసుకుని మనవరాలిని మోస్తున్న మనిషిని ఏమని తిట్టేది? నాలాంటి కోపిష్ఠికి కూడా నోరు రాలేదు.

సునీతకు మాత్రం నోరు వచ్చింది. వారానికి రెండుసార్లు పిల్లను అత్తాపూర్‌లో వ్యాయామం చేయించే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయేది తనే. అక్కడ బల్లల మీద వరసగా కూర్చున్న తల్లులు, లోపల గదిలో నుంచి వచ్చే ఏడుపు ఎవరి బిడ్డదో గొంతును బట్టి పోల్చుకునేవారట. తిరిగి వచ్చాక ఇంట్లో నిలబెట్టి చేయించాల్సినవి ఉంటాయి. నిలబెట్టబోతే అమ్మ పిల్లను లాక్కునేది. అత్తాకోడళ్లకు మాటలు ఆగిపోయాయి. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని నా ద్వారా మాట్లాడుకునేవారు.

"అన్నం తింటదేమో అడుగు మీ అమ్మను."

"తింటనని చెప్పు నీ పెండ్లానికి."

నేను ఇటు తిరిగి చెప్పి, అటు తిరిగి చెప్పి, మధ్యలో నా అన్నం చల్లారిపోయేది.

ఆ ఏడాది చివర డాక్టరమ్మ నన్ను పిలిపించింది. కాలు మీద బరువు పడకపోతే అది మిగతా ఒంటితో పాటు ఎదగదని, బడికి పోయే వయసు లోపల పిల్ల నిలబడటం మొదలుపెట్టాలని, తర్వాత ఎంత తిప్పలు పడ్డా కష్టమని చెప్పింది. ఆ మాట ఇంటికి తెచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ విని, పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది.

కీర్తనకు అప్పటికి మాటలు బాగా వచ్చాయి. ఇంటికి వచ్చినవాళ్లందరూ దాన్ని చూసి "పాపం" అనేవారు కదా, అదేదో పలకరింపు అనుకుంది. ఎవరు గుమ్మంలోకి వచ్చినా నవ్వుతూ "పాపం" అనేది. అది మొదటిసారి విన్న రోజు సునీత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

2012, ఎండాకాలం

శంషాబాద్ ఊళ్లో ఒక మేడం చిన్నపిల్లలను ఆడిస్తోందని మా లైన్‌లో యాదగిరి అన్న చెప్పాడు. ఆయన మనవడు అక్కడికి పోతాడు. "మీ బిడ్డసోంటోళ్లు గూడ ఉన్నరట, పోయి చూసి రా" అన్నాడు. ప్యాసింజరును దింపి అటే పోయాను.

మూతపడిన కట్టెల అడితి షెడ్డు అది. లోపల పాత టైర్లు, ఇసుక నింపిన టబ్బులు, తాళ్లు, నేలకు జానెడు ఎత్తులో చెక్కపలకలు. పిల్లలంతా కట్టిన తాడు కింద నుంచి పిల్లుల్లా పాకుతూ పోతున్నారు. ఒక ఆవిడ కూడా వాళ్లతో పాటు పాకుతోంది. ఆవిడే శారద మేడం. గుంటూరు వైపు మనిషి, పిల్లల కదలికల గురించి చదువుకుని చాలాకాలం ఆసుపత్రిలో పనిచేసి, అది మానేసి ఈ షెడ్డు పెట్టింది. చీరకు అంటిన దుమ్ము దులుపుకుంటూ లేచి వచ్చింది.

"వీళ్లల్ల బాగలేని పిల్లలు ఎవరు మేడం?" అని అడిగాను. నా తీరే అంత, ముందు వెనకలు ఉండవు.

"మీరే చూసి చెప్పండి" అంది.

చూశాను. అందరూ పాకుతున్నారు. ఒకడు వేగంగా, ఒకతె మెల్లగా, ఇంకొకడు మధ్యలో ఆగి ముక్కులో వేలు పెట్టుకుని. నాకు తెలియలేదు. ఆట అయిపోయాక ఒక బాబు చక్రాల బండి పట్టుకుని లేచి నిలబడ్డాడు, ఒక పాపకు వాళ్లమ్మ కాళ్లు నిలబెట్టే బెల్టు పట్టీలు తొడిగింది, మిగతావాళ్లు ఉరికిపోయారు. అప్పుడు తెలిసింది. ఆట నడిచినంతసేపూ వాళ్లంతా ఒకటే గుంపు. ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు.

నా పేరూ, కీర్తన సంగతీ చెప్పాను. "పాపను తీసుకురండి మల్లేశ్ గారూ. పాపను ఎక్కువగా చూసుకునేది ఎవరో వారిని కూడా తీసుకురండి" అంది మేడం.

అంటే అమ్మ. మర్నాడు ఇద్దరినీ తీసుకుపోయాను. అమ్మ షెడ్డు మధ్యలో పిల్లను చంకన బిగించి పట్టుకుని, కోట కాపలాదారులా నిలబడింది. మొక్కు సంగతి మొత్తం చెప్పింది. చదువుకున్నావిడ కదా, మూఢనమ్మకం అని ఏదో అంటుంది, అమ్మ వెనక్కి తిరుగుతుంది అని నేను బండి తాళాలు చేతిలోనే పట్టుకున్నాను. మేడం మొత్తం వింది.

"అయితే అమ్మా, మీ మొక్కు నడక గురించి కదా? ఇక్కడ మేం నడిపించం. ఆడిస్తామంతే. పోచమ్మ తల్లి పిల్లను ఆడుకోవద్దని అంటుందా?"

అమ్మ చంకలో పిల్లను సర్దుకుంది. "అట్లెందుకంటది? తల్లి గద."

"మరి?"

"ఆట అయితే ఆటనే. గని కాలు నేలకు తగలొద్దు."

"చాప వేస్తే?"

అమ్మ కాసేపు చాప గురించి ఆలోచించింది. "చాప నేల కాదు" అని తీర్పు ఇచ్చింది.

మేడం ఒక్క చాప వేయలేదు. మర్నాటికల్లా షెడ్డు మొత్తం చాపలు పరిపించింది. "ఈ నెల నుంచి అందరం చాపల మీదే ఆడతాం" అని పిల్లలకు చెప్పింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. కీర్తన ఒక్కతే చాప మీద ఉండి, మిగతా పిల్లలు చుట్టూ నేల మీద ఉండే పరిస్థితి రానివ్వలేదు. ఆ ఒక్క పనికే నేను ఆమెకు దండం పెడతాను. చదువు చాలామందికి ఉంటుంది, ఈ ఇంగితం అందరికీ ఉండదు.

అక్కడ పెద్దవాళ్లకు ఒకటే నియమం. పిల్ల నోరు తెరిచి అడిగేదాకా చెయ్యి వేయొద్దు. పడినా, పాకలేకపోయినా, ఏడ్చినా, పక్కనే ఉండాలి, అడిగితేనే అందించాలి. అమ్మకు ఇది పెద్ద శిక్ష. గోడ పక్క బెంచీ మీద రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది. కీర్తన బోర్లా పడి ఉంటే అమ్మ పెదవులు కదిలేవి, పోచమ్మను తలుచుకుంటోందో మేడంను తిడుతోందో తెలియదు.

ప్రతి ఆటకూ జోడీ ఉంటుంది. కీర్తనకు జోడీ జోయా. బస్టాండు దగ్గర పండ్లు అమ్మే ఆమె కూతురు, ఒక్కచోట కుదురుగా ఉండని పిల్ల. ఇద్దరూ కలిసి నీళ్ల టబ్బును చాప ఈ చివర నుంచి ఆ చివరకు జరపాలి. జోయా ఒక్క తోపు తోసేది, నీళ్లన్నీ కీర్తన మీద పడేవి. కీర్తనకు కోపం నా దగ్గర నుంచే వచ్చింది.

"జర మెల్లగ జరుపరాదే! ఏంది నీ తొందర?"

జోయా మెల్లగా జరపడం నేర్చుకుంది. తనూ టబ్బు తొయ్యడం కోసం కీర్తన మోకాళ్ల మీద లేవడం నేర్చుకుంది. మేడం ఈ ఇద్దరి గురించి చెబుతూ, జోయాకు కూడా ఒళ్లు అదుపులో పెట్టుకోవడం ఇప్పుడే వస్తోందని, నేర్చుకునేది ఒక్క కీర్తనే అనుకోవద్దని నాతో అంది. జోయాను చూసి నాకు అంతదాకా ఆ ఆలోచనే రాలేదు.

శనివారాలు తల్లిదండ్రులు కూడా ఆడాలి. నేను తెల్ల యూనిఫాంలోనే చేతులూ కాళ్లూ ఆనించి వంతెనలా వంగితే, పిల్లలు నా కింద నుంచి దూరిపోయేవారు. లైన్ వదిలి వస్తే నంబరు పోతుంది. యాదగిరి అన్న, మిగతావాళ్లు నా బండిని తోసుకుంటూ ముందుకు జరిపి నా నంబరు కాపాడేవారు. "నువ్వు పోయి వంతెన కట్టిరా, ఇక్కడ మేం చూసుకుంటం" అని నవ్వేవారు. వాళ్ల ఎగతాళిలో ఉన్న ప్రేమను నేను మరిచిపోను.

ఒక శనివారం కీర్తన చెక్కపలక పట్టుకుని మోకాళ్ల నుంచి పైకి లేచి, ఒక్క క్షణం నిలబడింది. కొత్తగా వచ్చిన ఒక నాన్న "అరెరె, పాపం, ఎంత మంచిగ చేసింది" అని చప్పట్లు కొట్టాడు. మేడం ఆయన దగ్గరికి వెళ్లి మెల్లగా చెప్పింది. "చప్పట్లు కొడితే అందరికీ కొట్టండి. లేదంటే ఎవరికీ వద్దు. ఒక్కరికే కొడితే ఆ పిల్లకు తను వేరని తెలిసిపోతుంది." ఆయన సిగ్గుపడి అందరికీ కొట్టాడు, ముక్కులో వేలు పెట్టుకున్న వాడికి కూడా.

బెంచీ మీద అమ్మ మాత్రం తన మనవరాలు నిలబడటం చూసింది. గబగబా కళ్లు మూసుకుని, "ఇది నిలవడుడు కాదు తల్లీ, ఆట" అని పోచమ్మకు చెప్పుకుంది.

ఇక అక్కడి నుంచి మా ఇంట్లో కూడా చాపలు మొదలయ్యాయి. ముందు గదిలో ఒకటి. తర్వాత వంటింటి దాకా ఇంకొకటి. తర్వాత వాకిట్లోకి. అమ్మే ఎక్కడెక్కడి పాత చాపలూ తెచ్చి ఒకదాని పక్కన ఒకటి పరిచేది. సునీత కూడా కలిసి పరిచింది. ఇద్దరికీ మళ్లీ మాటలు కలిశాయి, నా ఉద్యోగం ఒకటి పోయింది. ఇంటి నిండా చాపలు చూసి, "పెండ్లి ఉన్నదా ఏంది?" అని ఊళ్లోవాళ్లు అడిగారు. ఆ చాపల మీద గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, కుడి కాలు ఈడుస్తూ కీర్తన తిరిగేది. చాప అంచు వచ్చిందంటే మాత్రం అమ్మ వచ్చి ఎత్తుకునేది. మట్టి మీద కాలు పెట్టనివ్వలేదు.

2013, బతుకమ్మ పండుగ

పండుగ ముందు మేడం పిల్లలతో పూల పని పెట్టించింది. బతుకమ్మలో పేర్చే తెల్లటి గునుగు పూలు కావాలంది. మా వైపు పూలు తెచ్చేది మగవాళ్లే కాబట్టి ఆ పని నాకు పడింది. ఒకప్పుడు ఎక్కడ చూసినా దొరికే గునుగు ఇప్పుడు ప్రహరీ గోడల వెనకకు పోయింది. రావిర్యాల వైపు మెట్ట చెలకల్లో తిరిగి డిక్కీ నిండా తెచ్చాను. ఆ రోజు ఎక్కిన ప్యాసింజరు తన సూట్‌కేసుకు అంటిన గునుగు చూసి ముఖం చిట్లించాడు. "పండుగ సార్" అన్నాను, అంతకన్నా ఏం చెబుతాను?

గునుగును గుప్పెడు గుప్పెడుగా పట్టి, కాడలు సమంగా చేసి, దారంతో కట్టాలి. కట్టాక రంగునీళ్లలో ముంచాలి. ఒక చెయ్యి పట్టుకుంటే ఇంకో చెయ్యి కట్టాలి. కీర్తన కుడి చేతికి కాడలు పట్టే పని. పిడికిలి బాగానే బిగుస్తుంది, తెరవడమే కష్టం. కట్టు కట్టాక వదలాలి కదా. వేళ్లు ఒకటొకటిగా విప్పేది. మేడం వెల్లకిలా తిరిగిన ఆ అరచేతిని చూస్తూ కూర్చునేది, తను తొందరపడేది కాదు, మమ్మల్ని తొందరపడనిచ్చేది కాదు. సాయంత్రానికి మా అందరి చేతులూ, ముక్కులూ గులాబీ రంగులో ఉన్నాయి.

ఆ సాయంత్రమే కీర్తన అడిగింది. "నేను గూడ ఆడుత బతుకమ్మ. గుడి కాడ. అందరితోని."

పండుగ చివరి రోజు సద్దుల బతుకమ్మను మా ఊళ్లో పోచమ్మ గుడి ముందే ఆడతారు. అమ్మ వినగానే వద్దంది. "పూల నడుమ కూసుండవెడ్త. మంచిగ చూద్దువు గని." మూడేళ్ల నుంచి అదే. చుట్టూ ఆడవాళ్లు తిరుగుతుంటే, బతుకమ్మల పక్కన అమ్మ ఒళ్లో కీర్తన కూర్చునేది.

"నేను పువ్వునా? నేను ఆడుత" అని అది ఏడుపు లంకించుకుంది.

నాకు కోపం వచ్చింది. షెడ్డు నుంచి ఇంటికి పోయే దారిలో బండి ఆపి అమ్మ మీద కేకలేశాను. నీ మొక్కే కదా, గుడి ముందే నిలబడాలన్నది నువ్వే కదా, ఇప్పుడు అక్కడే నిలబడతానంటే వద్దంటావేంది అని. అమ్మ కిటికీలో నుంచి బయటికి చూస్తూ, చాలా చిన్న గొంతుతో అంది.

"మల్ల అక్కడనే పడితే, తల్లి ఒద్దన్నట్టే గదరా. ఇగ నేనెవరికి మొక్కాలె?"

మూడేళ్లుగా పంతం అనుకున్నది భయం. బురదలో పడిన ఆ ముఖాన్ని అమ్మ మూడేళ్ల నుంచి తుడుస్తూనే ఉంది.

మర్నాడు మేడంకు చెప్పాను. ఆమె అమ్మకు ధైర్యం చెబుతుందేమో, పిల్ల పడదని హామీ ఇస్తుందేమో అనుకున్నాను. ఇవ్వలేదు. పిల్ల పడవచ్చు, అందరు పిల్లలూ పడతారు అంది. తర్వాత అమ్మ దగ్గరికి వెళ్లి, బెంచీ మీద పక్కన కూర్చుంది.

"అమ్మా, మా వైపు బతుకమ్మ లేదండీ. నాకు ఆడటం రాదు. కీర్తన నేర్పిస్తే నేనూ వస్తాను, మీరు రమ్మంటేనే."

ఇంటికి వస్తానన్న మనిషిని వద్దనడం మా అమ్మకు చేతకాదు.

పండుగ నాడు మేడం కంచి చీర కట్టుకుని, జోయానూ వాళ్లమ్మనూ వెంటబెట్టుకుని మంఖాల్ వచ్చింది. పొద్దు వాలుతోంది. గుడి ముందు బతుకమ్మలు పెట్టారు. మా బతుకమ్మలో ఒక వరస గునుగు కట్టలు కొంచెం వంకరగా ఉన్నాయి, అవి కీర్తనవి. మగవాళ్లం దూరంగా గద్దె పక్కన నిలబడ్డాం.

అమ్మ కీర్తనను చంకన ఎత్తుకుని వచ్చింది. వలయం దగ్గర ఆగింది. గుడి వైపు చూసింది. తర్వాత వంగి, పిల్లను మట్టి మీద నిలబెట్టి, చేతులు వెనక్కి తీసుకుంది. మూడేళ్ల తర్వాత నా బిడ్డ కాళ్లకు మట్టి తగిలింది. కీర్తన కిందికి చూసి వేళ్లు కదిపింది. ఎడమ చేత్తో జోయా చెయ్యి పట్టుకుని వలయంలో చేరింది.

పాట మొదలైంది. ఒక అడుగు పక్కకు, వంగి ఒక చప్పట్టు, మళ్లీ అడుగు. మా కీర్తన చప్పట్టుకు కుడి చెయ్యి ఆలస్యంగా వచ్చేది. కానీ అందరికన్నా అన్యాయం మేడంది. అందరూ కుడికి పోతే ఆమె ఎడమకు, అందరూ వంగితే ఆమె నిటారుగా. కొంగు కాళ్లకు చుట్టుకుంటోంది. వలయంలో ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు.

"అట్ల కాదు మేడం, గిట్ల. నన్ను చూడుండ్రి" అంది కీర్తన.

"ఇలాగా?"

"ఆ, గట్లనే. మెల్లగ."

మేడం నేర్చుకుంటోంది కాబట్టి అందరూ మెల్లగా అడుగులు వేశారు. ఆమె నిజంగానే రాక తడబడిందో, కావాలనే తడబడిందో ఇప్పటికీ నాకు తెలియదు. అడిగితే నవ్వుతుంది.

రెండో చుట్టులో, సరిగ్గా గుడికి ఎదురుగా వచ్చినప్పుడు, కీర్తన కుడి కాలు మెలికపడింది. పడిపోయింది. మోకాళ్ల మీద, తర్వాత చేతుల మీద, తర్వాత ముఖం. అదే చోటు. పాట ఆగిపోయింది. చప్పట్లు ఆగిపోయాయి. చుట్టూ ఆడవాళ్ల చేతులన్నీ దాని మీదికి వచ్చాయి. నేను గద్దె దగ్గర నుంచి రెండంగల్లో ఉరికాను.

"ఆగుండ్రి!" అమ్మ గొంతు అది. రెండు చేతులూ చాపి అందరినీ ఆపింది, నన్ను కూడా. "ఎవ్వరు ముట్టకుండ్రి. దాన్ని అడగనియ్యుండ్రి."

కీర్తన మట్టిలో నుంచి తల ఎత్తింది. ముఖానికి దుమ్ము. చుట్టూ చూసింది. మా అందరినీ చూసి దానికి చిరాకు వచ్చింది.

"పాట ఎందుకాపిన్రు? చప్పట్లు కొట్టుండ్రి."

ఎవరు మొదలుపెట్టారో తెలియదు. చప్పట్లు మొదలయ్యాయి. దాని కోసం కాదు, ఆట కోసం. పాట మళ్లీ అందుకున్నారు. కీర్తన అరచేతులు మట్టికి ఆనించి, ముందు ఎడమ మోకాలు, తర్వాత కుడిది, షెడ్డులో చాపల మీద లేచినట్టే లేచింది. లేచి, చప్పట్టు తప్పిపోయిందని జోయా మీద గొణుక్కుంటూ, పక్క అడుగు వేసింది. అమ్మ అక్కడే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, మా లైన్‌లో వాళ్లెవరూ లేరు కనుక.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. కీర్తన ఇప్పుడు ఊరి బళ్లో ఒకటో తరగతి. కుడి కాలు ఇంకా కొంచెం ఈడుస్తుంది, ఉరకడంలో వెనకబడుతుంది, కుడి చేత్తో రాయలేదు, ఎడమ చేత్తో రాస్తుంది. శనివారాలు షెడ్డుకు ఇప్పటికీ పోతుంది, ఇప్పుడు చిన్నపిల్లలకు జోడీగా. నన్ను అడిగిన తమ్ముడికి నేను చెప్పేది ఇంతే: బాబును అక్కడికి తీసుకుపో. ఇంట్లో పెద్దవాళ్లు అడ్డం పడితే కోప్పడకు, వాళ్లు దేనికి భయపడుతున్నారో మెల్లగా అడుగు. నీ నంబరు మేం చూసుకుంటాం.

ఒక్కటి చెప్పి ఆపుతాను. ఆ పండుగ నాడు ఆట అయ్యాక బతుకమ్మలను నీళ్లలో వదలడానికి కుంట దగ్గరికి పోయాం. కట్ట దిగే చోట జారుడుగా ఉంటుంది. కీర్తన నాలుగు అడుగులు ముందు, అమ్మ వెనక. ఇన్నాళ్లూ బరువు మోసిన అమ్మ నడుము ఆ ఏటవాలులో సహకరించలేదు. నేను చెయ్యి అందించబోతే నన్ను పక్కకు నెట్టింది. ముందుకు పిలిచింది.

"కీర్తనా, జర చెయ్యియ్యవే బిడ్డా."

కీర్తన ఆగింది. ఎడమ చేతిలో గునుగు కట్ట ఉంది. కుడి చెయ్యి వెనక్కి చాపి, వేళ్లు ఒకటొకటిగా విప్పింది. నాయినమ్మ చెయ్యి అందులో పెట్టేదాకా కదలకుండా అలాగే నిలబడింది.